పెంచలమ్మక్క పాతిన మూడు కర్రలు

పులిసిన బెల్లం వాసన ఎక్కడ తగిలినా నా చేయి దానంతటదే బండి బ్రేకు మీదికి పోతుంది. ఈ ఉదయం కూడా అంతే. తోటపల్లి గూడూరు దాటి రొయ్యల గుంటల కట్ట మీదుగా పోతుంటే సముద్రపు గాలి ఆ వాసనను తెచ్చి ముఖాన కొట్టింది. కల్లుకు మేనత్త కొడుకు, ఇడ్లీ పిండికి దూరపు చుట్టం అనిపించే వాసన అది. బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో కలిపి పులియబెట్టి గుంటల్లో చల్లుతారు. నీళ్ళలో మేలుచేసే సూక్ష్మజీవులకు అది బలమట. తెలియనివాళ్ళు చూస్తే రొయ్యలకు సీమంతం చేస్తున్నారనుకుంటారు. ఈ చుట్టుపక్కల గుంటలకు నీటి పరీక్షలు చేసి సలహాలు చెప్పడం నా వృత్తి కాబట్టి, నేను బండి ఆపిన గుంట యజమాని శీనయ్య నేను పరీక్ష సీసాలు తీస్తాననుకున్నాడు. నేను డ్రమ్ము చుట్టూ నేల చూస్తున్నాను. చీమలు బారులు కట్టి ఉన్నాయి. "ఏందన్నా, ఏమన్నా పారేసుకున్నావా?" అని అడిగాడు శీనయ్య. అతని చేతిలో పెద్ద నీళ్ళ సీసా ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు ముందూ వెనకా దాన్ని సగం ఖాళీ చేశాడు. ఈమధ్య బాగా సన్నబడ్డాడు, అదేదో సాధించిన ఘనతలాగా చొక్కా లోపలికి దోపుకుని తిరుగుతున్నాడు. పారేసుకోలేదు, పారేసుకోకుండా మిగిలిన వాటిని తలుచుకుంటున్నానని చెబితే అతనికేం అర్థమవుతుంది? నేను తలుచుకున్నది నా రెండు పాదాలను. వాటిని నాకు మిగిల్చిన మనిషిని.

ఆమె పెంచలమ్మ. పెంచలకోన స్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారట. ఆమె దగ్గర పనిచేసిన మేము మాత్రం ఆ పేరుకు వేరే వ్యాఖ్యానం చెప్పుకునేవాళ్ళం: రొయ్యల్ని పెంచుతుంది, గొంతు పెంచుతుంది, పని పెంచుతుంది, జీతం తప్ప అన్నీ పెంచుతుంది. వరి పండించే ఇంటి ఆడబడుచు. నెల్లూరులో జంతుశాస్త్రం చదివింది. సముద్రం వైపున్న పొలాల్లో ఉప్పు తేలి వరి ఎర్రబడటం మొదలయ్యాక, ఆ భూమిని గుంటలు చేసి తానే దిగింది. భర్తకు వరి మీదే నమ్మకం; గుంటల వైపు వస్తే ముక్కు మూసుకుని వచ్చి, ముక్కు మూసుకునే వెళ్ళేవాడు. ఆమె చేతిలో నల్ల గొడుగు, తలకు తువ్వాలు, కాళ్ళకు మగవాళ్ళ రబ్బరు చెప్పులు. ఆ గొడుగు కట్ట చివర కనిపించిందంటే కూర్చున్నవాళ్ళం లేచేవాళ్ళం, లేచినవాళ్ళం పని వెతుక్కునేవాళ్ళం. తిడుతుందని కాదు, "ఎందుకని?" అని అడుగుతుందని. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటరు చక్రం ఆగిపోయిందంటే ఎందుకని? ఈ మూలన నురుగు ఎక్కువుంది, ఎందుకని? కొంగలు పక్క గుంట మీద వాలుతున్నాయి, మన గుంట మీద వాలడం లేదు, ఎందుకని? తిడితే తల వంచుకుని ఊరుకోవచ్చు. అడిగితే ఆలోచించాలి. అది నాకు అలవాటు లేని పని.

నేను మైపాడులో వేట చేసే ఇంట్లో పుట్టి, పడవెక్కితే వాంతి చేసుకునే ఘనుణ్ణి. బి.కాం. మధ్యలో చదువు కూడా కడుపులో ఇమడక బయటికొచ్చేసింది. సముద్రంలో పనికిరానివాడు గుంటలో పనికొస్తాడేమోనని మా నాయన నన్ను అక్క దగ్గర చేర్చాడు. నాకిచ్చిన మొదటి పని చెక్ ట్రేలు ఎత్తడం. గుంటలో మేత చల్లేటప్పుడు వలగుడ్డ కట్టిన పళ్ళెంలో కాస్త మేత వేసి నీళ్ళలోకి దింపుతారు. రెండు గంటల తర్వాత ఎత్తి చూస్తారు. మేత మిగిలితే రొయ్యకు ఒంట్లో బాగాలేదని అర్థం. నేను ఎత్తి, "బాగుందక్కా" అనేవాణ్ణి. ఆమెకు ఆ మాటంటే గిట్టేది కాదు. బాగుంది, బాగాలేదు అనేవి పెళ్ళిచూపుల మాటలనీ, ఎంత మిగిలిందో చెప్పాలనీ అనేది. ఒకసారి ట్రే పూర్తిగా ఖాళీగా వచ్చింది. నేను పళ్ళు బయటపెట్టి చూపించాను. ఆమె రొయ్యను ఒకదాన్ని తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చాలాసేపు చూసి, "ట్రే ఖాళీ అయిందని సంబరపడబాక. ఇంత తింటా కూడా ఒళ్ళు రాలా. తిన్నది యాడికి పోతుండాదో చూడు" అంది. ఆ మాట రొయ్య గురించే అన్నది. అప్పటికి.

పక్క గుంటాయన ఒకడుండేవాడు. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరు అక్క దగ్గరే ఉండేది కాబట్టి అడిగి తీసుకుపోయేవాడు. ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే కొలిచి, నెంబరు ఘనంగా వచ్చిందని మా కట్ట మీదికొచ్చి చెప్పేవాడు. ఎండలో నీటిలోని నాచు ఊపిరి పోస్తుంది, అప్పుడు ఎవరి గుంటైనా నవ్వుతూనే ఉంటుందనీ, తెల్లారకముందు చూస్తేనే దాని అసలు ముఖం తెలుస్తుందనీ అక్క ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒకసారి ఆమే పట్టుబట్టి తెల్లవారుజామున తన చేత్తో మీటరు ముంచింది. నెంబరు అడుగంటింది. ఆ తర్వాత రొయ్యలు తేలడం మొదలుపెడితే, ఆయన ఊరంతా తిరిగి, పెంచలమ్మ మిషను ముంచినాకే నా రొయ్యలు చచ్చినాయని చెప్పాడు. మేం పడీపడీ నవ్వుకున్నాం. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ ఎండాకాలం నాకు దాహం పట్టుకుంది. కట్ట మీద ఎవరికి మాత్రం దాహం ఉండదు? చెట్టు నీడ లేని చోటు, ఉప్పు గాలి. నేను కుండలు కుండలు తాగేవాణ్ణి, తాగినదాన్ని అంతే శ్రద్ధగా ఇంజను షెడ్డు వెనక్కి మోసుకుపోయేవాణ్ణి. నీళ్ళు చాలకపోతే చల్లటి రంగు సోడాలు. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించాను. చేసేది కష్టం, అందుకే ఒళ్ళు కరుగుతోందని అద్దంలో మురిసిపోయాను. సాయంత్రానికి మీటరు మీది అంకెలు కాస్త అలుక్కుపోయినట్టు కనిపిస్తే ఉప్పునీటి తుంపర అనుకున్నాను. మోచేతికి తగిలిన గీత వారాలు గడిచినా మానకపోతే, చెయ్యి నీళ్ళలోనే ఉంటుంది కదా అనుకున్నాను. గుంట మీద పనిచేసేవాడికి ఉన్న సౌకర్యం అది, ప్రతి లక్షణానికీ ఒక కారణం చేతి దూరంలోనే దొరుకుతుంది.

పైగా నాకు తెలుసుకోవాలని లేదు. మా నాయన కుడి పాదం అప్పటికే లేదు. ఒడ్డున వల లాగుతుంటే ఆల్చిప్ప గీసింది, చిన్న గీత. ఆయనకు నొప్పి తెలియలేదు. తెలియని నొప్పికి మందెవరు వేస్తారు? నల్లబడి వాసన వచ్చాక ఆసుపత్రికి తీసుకెళితే, సూదితో రక్తం తీసి షుగరన్నారు, ఆ తర్వాత పాదం తీసేశారు. మా అమ్మ దృష్టిలో సంగతి చాలా తేట: ఆసుపత్రి గడప తొక్కేదాకా ఆయనకు షుగరు లేదు, సూది గుచ్చాకే వచ్చింది. మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ ఏ సూదికీ వేలివ్వలేదు. నేను అమ్మ మాట నమ్మాననను. కానీ కాదనడానికి కావాల్సిన ధైర్యం ఆ పాదంతోపాటే పోయింది.

అలాంటి రోజుల్లో షెడ్డు వెనక చీమలు పట్టాయి. బెల్లం డ్రమ్ము ఆ గోడ పక్కనే ఉండేది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. డీజిలు ఇంజను చూసే మస్తానయ్య, బెల్లం నేలపాలు చేస్తున్నావని నన్ను సాధించాడు. కాపలా ఏడుకొండలు ఆ చీమలకు బియ్యప్పిండి చల్లి పుణ్యం మూటగట్టుకున్నాడు. రొయ్యల గుంట మీద చీమలంటే బెల్లం, బెల్లమంటే చీమలు; రెండో ఆలోచన ఎవరికీ రాదు. అక్కకు వచ్చింది. గొడుగు మొనతో చీమల బారు వెంట నడిచి, అది డ్రమ్ము దాకా పోకుండా మధ్యలోనే తిరిగి వెళ్ళిపోతోందని చూసింది. డ్రమ్మును కట్ట రెండో చివరకు దొర్లించమంది. చీమల్లో కొన్ని డ్రమ్ము వెంట వలస పోయాయి. కొన్ని మాత్రం షెడ్డు వెనకే కాపురం ఉన్నాయి.

మరునాడు మా ముగ్గురినీ పిలిచింది. కట్ట పొడవునా దూరం దూరంగా మూడు కర్రలు పాతి ఉన్నాయి. పాత చీర ముక్కలు కట్టి ఉన్నాయి. మస్తానయ్యకు ఎరుపు, ఏడుకొండలుకు నీలం, నాకు పసుపు. మా ముఖాల్లోకి చూడకుండా, గుంట నీళ్ళలోకి చూస్తూ, "అందరూ ఒకే చోట పోసి పోసి కట్ట నానిపోతుండాది. తెగతాది. ఇకమీద ఎవురి కర్ర కాడ వాళ్ళు పొయ్యండి" అంది. ఆడమనిషి నోటి నుంచి వచ్చిన ఆ ఆజ్ఞకు మేం తలొంచుకుని సరేనన్నాం. ఆమె వెళ్ళాక చర్చ మొదలైంది. ఇది వాస్తు అన్నాడు ఏడుకొండలు. ఈశాన్యంలో పోస్తే రొయ్యకు దోషమని ఎవరో చెప్పుంటారన్నాడు. మస్తానయ్య తమలపాకు నములుతూ, "అదేం కాదబ్బా, అక్క మనకు గూడా చెక్ ట్రేలు పెట్టినాది" అన్నాడు. నవ్వించడానికి అన్న ఆ మాటకన్నా నిజమైనది ఆ రోజు ఆ కట్ట మీద ఎవరూ మాట్లాడలేదు. వారం తర్వాత, ఎందుకో చెప్పకుండా, మమ్మల్ని కర్రలు మార్చుకోమంది. నాకు నీలం వచ్చింది.

ఈ లోపల ఆ చీమలు బెల్లానికి వచ్చినవి కావేమోనని నాకూ కాస్త అనుమానం తట్టిందని ఒప్పుకోవాలి. కానీ నా తెలివి ఎప్పుడూ పక్కవాడి మీదే బాగా పనిచేస్తుంది. ఏడుకొండలు లావుపాటి మనిషి. బెల్లం కలిపేటప్పుడు డ్రమ్ముకొక గడ్డ, నోటికొక గడ్డ వేసేవాడు. కర్రల దగ్గర నేల చూడకుండానే చీమలు అతనివేనని తేల్చేసి, కాస్త తీపి తగ్గించుకోమని పెద్దరికంగా సలహా కూడా ఇచ్చాను. సలహా ఇచ్చాక దాహమేసి సోడా తాగాను.

ఒక ఉదయం అక్క గొడుగు నీలం గుడ్డ దగ్గర ఆగింది. నన్ను పిలిచింది.

"ఏం కనపడతుండాదిరా?"

"చీమలక్కా."

"ఎర్ర గుడ్డ కాడ?"

"లేవు."

"పసుపు కాడ?"

"లేవక్కా."

"ఎందుకని?"

"నీలం రంగు వాటికి ఇష్టమేమోనక్కా."

"పోయిన వారం పసుపు ఇష్టపడినాయే. నువ్వు యాడికి పోతే ఆ రంగే నచ్చతుండాదా వాటికి?"

నేను నేల చూశాను. నేల మీద చీమలు తప్ప ఏమీ లేవు. ఆమె గొంతు తగ్గించింది. ఆ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు. "చీమలు డాక్టర్లు కాదు. నువ్వు పోసిన దాంట్లో తీపి వాటికి తెలుసు, నెంబరు తెలవదు. అవి రానంత మాత్రాన రోగం లేదనీ చెప్పలేం. కానీ నువ్వు తింటుండావు, తాగుతుండావు, ఒళ్ళు చూస్తే కరిగిపోతుండాది. తిన్నది యాడికి పోతుండాదో చూసుకోవాల గదా. పోయి రక్తం చూపించుకో."

మా నాయనకు చూపించుకున్నాకే వచ్చిందని గొణిగాను. ఆమెకు మా నాయన పాదం సంగతి తెలుసు. పక్క గుంటాయన ఏమన్నాడని అడిగింది. మీటరు ముంచినాకే రొయ్యలు చచ్చినాయన్నాడని చెప్పాను.

"అప్పుడు నవ్వినావా, ఏడ్చినావా?"

"నవ్వినానక్కా."

"ఇప్పుడు గూడా నవ్వు. నవ్వి, పో."

నవ్వు రాలేదు కానీ వెళ్ళాను. ముందు రోజు రాత్రి అన్నం మానేసి, పరగడుపున వెళ్ళి రక్తమిచ్చాను. నెంబరు ఉండాల్సిన దానికన్నా కొంచెమే ఎక్కువగా ఉంది. కొంచెమనే మాటంత తియ్యటి మాట ఇంకొకటి లేదు. కాగితం పట్టుకుని ఊరేగింపులా కట్ట మీదికొచ్చాను. అక్క కాగితం చూడనే లేదు. ఎప్పుడు తీశారని అడిగింది. పొద్దున్నే, ఏమీ తినకుండా అన్నాను. "మంచిదే. రెండు గంటల ట్రే ఏది?" అంది. అవును, నేను మిట్టమధ్యాహ్నం మీటరు ముంచిన పక్క గుంటాయన్నే. వేళ తారుమారైంది, అంతే. మరునాడు ఎప్పటిలా కడుపునిండా తిని, రెండు గంటలాగి మళ్ళీ వేలిచ్చాను. ఈసారి నెంబరు మూడు వందలకు అటూ ఇటూగా వచ్చింది.

ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉండేది. గడిచిన మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా చేయించింది. దాహం ఎప్పటినుంచి, చూపు ఎలా ఉంది, పుండ్లు మానుతున్నాయా అని అడిగింది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే నాయన పేరు చెప్పాను. పాదం పేరు చెప్పలేకపోయాను. ఆమె నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, అరికాలు కింద సన్నటి దారం మొన ఆనించింది. తగిలిందా అంది. తగిలింది. ఇక్కడ? తగిలింది. బొటనవేలి కింద? తగిలింది. నా బతుకులో ఒక దారం తగిలినందుకు అంత సంతోషం కలగడం అదే మొదటిసారి. నరాలు బాగున్నాయి, త్వరగానే కనిపెట్టారు, ఎలా అనుమానం వచ్చిందని డాక్టరమ్మ మెచ్చుకోలుగా అడిగింది. చీమలు చెప్పాయండీ అన్నాను. ఆమె మాత్రల కాగితం మీద నా పేరు పక్కన ఏం రాసుకుందో తెలియదు.

నేను ఏడుపు ముఖంతో తిరిగొస్తే అక్క జాలిపడుతుందనుకున్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. కొత్త గుంట దొరికినట్టుంది ఆమెకు. నా చేత ఇంట్లోనే రక్తం చూసుకునే చిన్న మీటరు కొనిపించింది. అది సరిగ్గా చెబుతోందో లేదో తేలాలంటే వేరే నీళ్ళలో కూడా ముంచాలని, మనిషికొక కొత్త సూది మారుస్తూ ముందు తన వేలు తానే గుచ్చుకుంది, తర్వాత మస్తానయ్యది, తర్వాత ఏడుకొండలుది. నేను పెద్దరికంగా సలహా ఇచ్చిన ఏడుకొండలు నెంబరు ముత్యంలా ఉంది. ఆ ఆనందంలో అతను నెల్లూరు నుంచి మలై కాజాలు తెప్పించి నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. న్యాయమే.

ఆ తర్వాతి నెలలు నేనూ అక్కా కలిసి నా వేళ్ళ మీద చేసినన్ని ప్రయోగాలు ఏ శాస్త్రవేత్తా చేసి ఉండడు. గంపెడన్నంలో చేపల పులుసు పోసుకుంటే ఎంత? అన్నం సగం చేసి, ఆ జాగాలో కూర పెడితే ఎంత? తిన్నాక నిద్రపోతే ఎంత, తిన్నాక కట్ట చుట్టి వస్తే ఎంత? ఒకే అన్నం, ఒకే పులుసు, నడిచిన రోజు నెంబరు వేరుగా వచ్చినప్పుడు ఆమె "ఎందుకని?" అన్నది, నేను మొదటిసారి ఆమెకన్నా ముందే జవాబు చెప్పాను. మామిడిపండు మీద చేసిన ప్రయోగం ఫలితాన్ని మాత్రం ఇక్కడ చెప్పను, కొన్ని శోకాలు ఇంటి గుట్టు. మాత్రలు డాక్టరమ్మ చెప్పినట్టే వేసుకున్నాను. వాటి మీద ప్రయోగాలు చేస్తానంటే అక్క గొడుగు ఎత్తింది. నెంబరు ఎక్కువొచ్చిన రోజు నేను దిగులుగా చూపిస్తే, అది మార్కుల కాగితం కాదనీ, ట్రే అనీ చెప్పేది. ట్రే ఎత్తినప్పుడు రొయ్యను తిడతామా? చూసి, రేపటి మేత మారుస్తాం. భయమనేది ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. దాని చోట్లో ఒక రకమైన కుతూహలం వచ్చి కూర్చుంది.

ఆ కుతూహలంతోనే ఒక ఆదివారం మైపాడు వెళ్ళాను. మా నాయన ఇంటి ముందు వల అల్లుకుంటున్నాడు. ఆయన ఒళ్ళోంచి నైలాను దారం ముక్క తెంపి, కళ్ళు మూసుకోమన్నాను. మిగిలిన పాదం కింద ఆనించాను. మడమ దగ్గర తగిలిందన్నాడు. మధ్యలో తగిలిందన్నాడు. రెండు వేళ్ళ దగ్గర నేను ఎన్నిసార్లు ఆనించినా, "ఇంకా పెట్టలేదేంరా?" అని అడుగుతూనే ఉన్నాడు. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నేను ఆమెను పిలిచి, దారం ఎక్కడుందో చూపించాను. ఆమె లోపలికి పోయి, గోడకున్న చిన్న అద్దం తెచ్చి నా చేతికిచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం నాయన ఆ అద్దంలో తన అరికాలు చూసుకునేవాడు, పెళ్ళికొడుకు ముఖం చూసుకున్నంత శ్రద్ధగా. ఒకసారి అద్దం పక్కన పెడుతూ, "ఈ దారమేదో ముందే ఆనించి చూసుంటే రెండోది గూడా నాకాడే ఉండేది గదరా" అన్నాడు. తర్వాత వల ముడి వేసుకోవడంలో పడిపోయాడు. ఆయన పోయేనాటికి ఆ పాదం ఆయన వెంటే ఉంది.

పెంచలమ్మక్క గుంటలు చాలించుకుని ఇప్పుడు తడ దగ్గర చెల్లెలి ఇంట్లో ఉంటోంది. అక్కడ గుంటలు లేవు, అయినా ఆమెకు పని తక్కువేమీ లేదు. మేడ మీద కుండీల్లో ఏదో పెంచుతోంది, చెల్లెల్ని ఎందుకని అడుగుతోంది. నాకు ఫోను చేస్తే బాగున్నావా అని అడగదు. నెంబరెంత అంటుంది. చెప్పగానే, ఎప్పుడు తీసినావు అంటుంది. నేనూ ఆమె నెంబరు అడుగుతాను. ఏడాదికోసారి చూపించుకుంటూనే ఉందట. మనుషులు ఒకరి క్షేమం ఒకరు తెలుసుకోవడానికి నాకు తెలిసిన భాషల్లో ఇంతకన్నా మర్యాదైనది లేదు.

ఈ ఉదయం శీనయ్య డ్రమ్ము దగ్గర చీమల్ని చూశాక, అతని మోటారు షెడ్డు వెనక్కి నడిచాను. అక్కడా ఉన్నాయి. డ్రమ్ముకు చాలా దూరం. శీనయ్య నా వెనకే వచ్చి సీసాలోని మిగతా నీళ్ళు తాగి, బెల్లం వాసనకు ఈ దరిద్రపు చీమలు యాడికైనా వస్తాయన్నా అన్నాడు. ఆ గుంట మీద పనివాళ్ళు ఇద్దరు, అతనితో ముగ్గురు. చీమలు ఎవరివో నాకు తెలియదు. ఒళ్ళు చూసి తేల్చేసే తెలివి నాకు ఏడుకొండలు దగ్గరే తీరిపోయింది. బండి పెట్టెలోంచి పాత తువ్వాలు తీసి మూడు ముక్కలు చింపాను. కట్ట పక్కన పడున్న కర్రలు మూడు ఏరాను. శీనయ్య వింతగా చూస్తున్నాడు. నేను అతని ముఖంలోకి చూడకుండా గుంట నీళ్ళలోకి చూస్తూ, గొంతు సవరించుకున్నాను.

"శీనయ్యా, అందరూ ఒకే చోట పోసి పోసి కట్ట నానిపోతుండాదబ్బా. తెగతాది. రేపట్నించి ఎవురి కర్ర కాడ వాళ్ళు పొయ్యండి."